ఫారంల లేని గట్క

డిగ్రీ అయినంక నాకు దొరికిన మొదటి కొలువు, ఊర్లల్ల జనం ఏం తింటున్నరో అడిగి రాసుకొచ్చుడు. ఎనభైల మొదట్ల ముచ్చట. మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె, భూములున్న ఇల్లు. నన్ను ఏసింది మొగుళ్లపల్లి దిక్కు.

ఫారం పట్నంల అచ్చయి వచ్చింది. దాన్ని తయారు చేసిన ఆఫీసరు కోస్తా మనిషి. పొద్దటి తిండి కింద ఇడ్లీ, దోశ, ఉప్మా. నెలకు ఎన్నిసార్లు, ఒక్కసారికి ఎన్ని కప్పులు. అంతే.

మొదటి దినం, నాటేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఒక కూలి అక్కను అడిగిన, "నెలకు ఎన్నిసార్లు దోశలు తింటరక్కా?"

"ఎక్కిరియ్య వచ్చినవా?" అన్నది తలెత్తి. కప్పుల లెక్క అడిగితే ఇంకా మండింది. "కప్పుల చాయ తాగుతరు. బువ్వ ఎవలన్న కప్పుల తింటరా?" అని లోపలికి పోయింది.

ఆ కాయిదం మీద పొద్దటి తిండి అంతా సున్నాలే. ఏ ఇంటికి పోయినా గంతే.

ఆఫీసరు చూసి, "వీళ్ళు పొద్దున్నే ఏమీ తినరన్నమాట" అన్నడు.

"తింటరు సార్. జొన్నలు ఇసిరి గట్క వండుతరు, అంబలి తాగుతరు. కలుపుకు పోయి తుమ్మికూర, గునుగుకూర ఒడిల కట్టుకొస్తరు. గవి మీ ఫారంల లేవు."

ఆయన పక్క టేబులోళ్ల దిక్కు తిరిగి, "గవి అంట!" అని నవ్విండు. "ముందు తెలుగు నేర్చుకోమ్మా, తర్వాత ఫారాలు దిద్దుదువుగాని."

అరవైతొమ్మిదిల తెలంగాణ లొల్లికి మా బడి మూసినప్పుడు నేను చిన్నపిల్లను. పెద్దోళ్లకు అంత కోపం ఎందుకో అప్పుడు సమజ్ కాలే. ఆ టేబుల్ కాడ అయింది.

"అయితే తూకమేసి చూద్దాం సార్" అన్న. పంతానికి ఒప్పుకున్నడు. మూడు దినాలు ఒక ఇంట్ల కూసొని, తినే తలెల పెట్టిందల్ల తూకమేసి రాసుకొని, ఫారంతోని పోల్చాలె.

మళ్ల ఆ అక్క ఇంటికే పోయిన. త్రాసు చూడంగనే ఆమె మొఖం మాడింది. "మా బుక్కలు తూకమేస్తవా? మీ బాపు బుక్కలు ఎన్నడన్న ఏసినవా?"

త్రాసు కింద పెట్టి పొయ్యి పక్కన కూసున్న.

ఆ దినం తెల్ల బువ్వ, పప్పు వండింది. పిల్లలు తలెల దిక్కు పండుగ లెక్క చూసిన్రు. నాకు అనుమానమొచ్చి, తెల్లారి పొయ్యి కాడ అడిగిన.

"నువ్వు కూసున్నవనే వండిన. పక్కింట్ల బియ్యం చేబదులు తెచ్చిన" అని కసిరింది. "మందిల గట్క తూకమేపిచ్చుకోవాల్నా?"

"నాక్కూడ గట్కనే పెట్టక్కా. నా తలె ముందు తూకమేస్త."

రెండు గంటెలు తీసి తలెల కొట్టింది, పచ్చిపులుసు పోసింది. ఆనుంచి ఇంకో మూడు దినాలు గట్కనే, ఆకుకూరనే. ఒక్క మంచిమాట మాట్లాడలే.

ఫారానికీ తూకానికీ పొంతన కుదరలే. ఆఫీసరు మాత్రం తూకమేసిన మొదటి దినం కాయిదమే పట్టుకొని, "అన్నం తింటున్నారుగా!" అన్నడు.

"గది నన్ను చూసి వండింది సార్. అందుకే కొట్టేసిన."

"కొట్టెయ్యడానికి నువ్వెవరు?" అని కాయిదాలు నా మీదికి విసిరిండు.

ఏరి మళ్ల ఆయన ముందటనే పెట్టిన. "నా మీద నమ్మకం లేకుంటే ఇంకొకర్ని పంపుండ్రి."

పంపిండు. పోయినాయన కూడ గట్కనే రాసుకొచ్చిండు.

కొత్త ఫారంల గట్క ఎక్కింది, అంబలి ఎక్కింది, కప్పు జాగల గంటె బొమ్మ వచ్చింది. నన్ను మాత్రం ఆ నెలాఖరుకే తీసేసిన్రు.

పోయే ముందు అక్కకు చెబుదామని మొగుళ్లపల్లి బస్సెక్కిన. అంతా ఇని, "అయితే ఏంది? గట్క రాసుకున్నందుకు బియ్యమిస్తరా?" అన్నది.

"లేదక్కా."

ఆమె కొడవలి అందుకొని చేనుకు పోయింది.