మైకు లేకుండా వచ్చే కబురు

నాకు మాటలంటే చిరాకు. గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే రోడ్డు మీద ఒక మిరపకాయల కంపెనీ ఉంది. అందులో కాయ రంగూ ఘాటూ పరీక్షించే ల్యాబు నాది. పొడిని ద్రావకంలో వేసి, అది ఎర్రగా తేరేదాకా కిటికీలోంచి కల్లం వైపు చూస్తూ కూర్చోవడం నా పని. మా ఆయన పనిచేస్తున్నాడో కునుకు తీస్తున్నాడో చూసేవాళ్లకు తెలియదని మా ఆవిడ కోటేశ్వరమ్మ అందరితోనూ అంటుంది. నిజానికి నేను రెండూ చేస్తాను.

మాఘమాసంలో పొద్దున్నే పొగమంచు దిగితే, కల్లంలో ఆరబోసిన కాయల ఎరుపు మెల్లగా మంచులోకి ఎక్కుతుంది. లోకమంతా పలచటి గులాబీ రంగులోకి మారుతుంది. తొడిమలు తీసే ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకుని అందులోంచి నడిచి వెళ్తుంటే కాళ్లు కనపడవు, మనుషులు తేలుతున్నట్టే ఉంటుంది. అలాంటి ఒక పొద్దున, హ్యాండ్‌బ్యాగుతో ఆగకుండా తుమ్ముతూ ఒక అమ్మాయి ఆ మంచులోంచి బయటికి వచ్చింది. పేరు శ్రీరమ్య. ఊరు తుళ్లూరు.

ఆమె గది తలుపు మీద ‘ఇంటర్నల్ కమ్యూనికేషన్స్’ అని రాయించారు. అదేం పనో మాకెవరికీ అంతుపట్టలేదు. కంపెనీ సంగతులు కంపెనీలోవాళ్లకే చెప్పడమట. అందుకో మనిషి, ఆ మనిషికో ఏసీ గది. మా ఎం.డి. శరత్‌చంద్ర బెంగళూరులో చదువుకొచ్చినవాడు, అక్కడి కంపెనీల్లో ఉన్నవన్నీ మన దగ్గరా ఉండాలంటాడు. రేపు కాయలకు జోలపాడ్డానికి కూడా ఒకరిని పెడతారని నేను క్యాంటీన్లో అంటే అందరూ నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది, దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

మొదట్లో ఆమె ఫోన్లలో బొమ్మలు పంపేది. పుట్టినరోజు కేకులు, భద్రతా వారోత్సవాలు, చేతులు కడుక్కోమని సలహాలు. తొడిమలు తీసే షెడ్డులో ఒక్కరూ చూసేవాళ్లు కాదు. చూడటానికి లేదు మరి. తొడిమలు తీసిన చేత్తో ఫోను పట్టుకుంటే ఆ ఘాటు ఫోనుకు అంటుకుంటుంది, ఇంటికెళ్లాక దాన్ని ముట్టుకున్న పిల్లల కళ్లు మండిపోతాయి. అందుకని అందరి ఫోన్లూ సంచుల్లో మూటగట్టి గోడకు వేలాడుతుంటాయి. ఈ సంగతి తెలిశాక ఆమె కల్లం నాలుగు మూలలా మైకులు పెట్టించింది.

మొదటిరోజు పొద్దున్నే, మనుషుల మనసు ప్రశాంతంగా ఉంటుందని, మైకులో భగవద్గీత శ్లోకాలు వేసింది.

మా పల్లెల్లో పొద్దున్నే మైకులో గీత శ్లోకాలు వినిపిస్తే దానికి ఒకటే అర్థం, ఊళ్లో ఎవరో పోయారని. ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, ఎక్కడి పని అక్కడ ఆపేసి ఎవరింట్లోనో కనుక్కుంటారు. ఆ మాటకొస్తే తుళ్లూరులోనూ అంతే. కానీ ఆ అమ్మాయి చదువంతా హాస్టళ్లలో సాగింది, ఆ శ్లోకాలు ఆమె చెవికి సంగీతమే. కంపెనీ పెట్టిన పెద్దాయన బుల్లయ్యగారు అప్పుడు హైదరాబాదులో గుండెకు ఏదో చేయించుకుంటున్నారు. ఇంకేం, షెడ్డు మొత్తం ఒక్కసారి లేచింది. ఆడవాళ్ల మేస్త్రి వెంకటరావమ్మ చాటలు బోర్లా పెట్టించి, పూలదండకు మనిషిని పంపించి, స్నానం చేయకుండా ఇక ఎవరూ కాయ ముట్టడానికి వీల్లేదంది. లారీలు నిలబడిపోయాయి. మంచులో నిలబడి అంతమంది ఆడవాళ్లు ఏడుస్తుంటే, పైన శ్లోకాలు నడుస్తుంటే, ల్యాబులో నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. బుల్లయ్యగారు నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి.

సరిగ్గా అప్పుడే మంచులోంచి ఒక కారు వచ్చి ఆగింది. ముందురోజే డిశ్చార్జి అయిన బుల్లయ్యగారు కల్లం చూసుకోవాలని తిన్నగా వచ్చేశారట. శాలువా కప్పుకుని, తెల్లటి పంచెలో, మెల్లగా నడిచి వచ్చారు. ఏడుపు ఆగిపోయింది. కాసేపు ఎవరికీ ఆయన ఏ లోకంలో ఉన్నారో తెలియలేదు.

“ఎవరు పోయారే?” అని అడిగారు ఆయన.

వెంకటరావమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, “మీరేనండి” అంది.

ఆయన పడీపడీ నవ్వారు. గుండెకు మంచిది కాదని డ్రైవరు పట్టుకోబోయినా ఆగలేదు. శరత్‌చంద్ర మాత్రం నవ్వలేదు. ఆ పూటంతా లోడింగు ఆగిపోయినందుకు శ్రీరమ్యను గదిలోకి పిలిచి చాలాసేపు తిట్టాడు. ఆమె ఇక రాదనుకున్నాను.

మర్నాడు వచ్చింది. వచ్చి తన గదికి వెళ్లకుండా తిన్నగా షెడ్డుకు వెళ్లి, వెంకటరావమ్మ పక్కన కింద కూర్చుంది. తుమ్ముతూనే ఒక చాట ముందుకు లాక్కుంది.

“మరి మీకు కబురు ఎలా చెప్పాలి పిన్నీ?”

“ఎలా ఏముంది? మా ఇళ్లకు ఎవరన్నా కబురు తెస్తే గుమ్మంలోంచే అందరూ క్షేమమేనని ముందు చెబుతారు. ఆ తర్వాతే నీళ్లు తాగేది, విషయం చెప్పేది. అది వినకపోతే మాకు మిగతాదేదీ చెవికెక్కదు.”

“క్షేమం కాకపోతే?”

“క్షేమం కాకపోతే అరిచి చెప్పరమ్మాయ్. వచ్చి పక్కన కూర్చుంటారు.”

అప్పటినుంచీ అదే పద్ధతి. పొద్దున్నే మైకులో “అందరూ క్షేమమేనండి, నేను శ్రీరమ్యను” అని మొదలయ్యేది. తర్వాత ఏ లారీ ఎప్పుడు వస్తుందో, బస్సు ఎవరి ఊరికి ఆలస్యమో, క్యాంటీన్లో ఏం కూరో, ఎవరికి మనవరాలు పుట్టిందో. చెడ్డ సంగతి అయితే మైకు ముట్టుకునేది కాదు. ఎవరి సెలవు కుదరకపోయినా, ఎవరి ఇంట్లోంచి ఆస్పత్రి ఫోను వచ్చినా, తనే కల్లానికి అడ్డంగా నడిచి వెళ్లి వాళ్ల పక్కన కూర్చునేది. ఆమె నడిచి వస్తుంటే షెడ్డులో చేతులు ఆగిపోయేవి, ఎవరి దగ్గర ఆగుతుందోనని అందరూ చూసేవాళ్లు.

ఆ గొంతులో గొప్పేం లేదు, కొంచెం జలుబు చేసినట్టుండేది. అయినా మధ్యాహ్నం ఎండ ముదిరి, కల్లం మీద గాలి వణుకుతూ, ఎరుపు తప్ప ఇంకేమీ కనిపించని వేళ, ఆ గొంతు వస్తే నాకు చిన్నప్పుడు జ్వరంలో పక్కగదిలోంచి మా అమ్మ మాటలు వినపడినట్టుండేది. మాటల అర్థం పట్టేది కాదు, ఇల్లు ఇంట్లోనే ఉందని తెలిసేది. నేను పరీక్షనాళిక చేత్తో పట్టుకునే నిద్రపోయేవాణ్ణి. మాటలంటే పడని నేను, ఆదివారాలు ఆ గొంతు లేక విసుక్కునేవాణ్ణి.

ఒకసారి అడిగాను, జీతానికి మించి ఇంత ఆరాటం ఎందుకమ్మా అని. ఆమె కిటికీ బయటికి చూస్తూ చెప్పింది.

“రాజధానికి పొలం ఇచ్చేశాక మా నాన్న ప్రతి సాయంత్రం సెంటరుకు వెళ్లి నిలబడేవారండి, ఏమైనా తెలుస్తుందేమోనని. ఒకరోజు వస్తుందనేవాళ్లు, ఒకరోజు పోతుందనేవాళ్లు. మా ఇంటికి వచ్చి కూర్చుని ఇదండీ సంగతి అని చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. పొలం పోయినందుకు కాదు, అలా నిలబడీ నిలబడీ ఆయన చిన్నబోయారు.”

నేను ఆమెకో టీ చెప్పాను.

ఈ ఏడు కాయ బాగా దిగింది. పెద్ద విదేశీ ఆర్డరు వచ్చింది. దాంతోపాటే తొడిమలు కోసే యంత్రాలు వస్తున్నాయని గాలి కబురు. ఆటోల్లో, బస్సుల్లో అదే మాట. షెడ్డులో చేతులు నెమ్మదించాయి. ఒక పొద్దున శరత్‌చంద్ర శ్రీరమ్యను పిలిచాడు. రంగు రిపోర్టు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను.

“మైకులో చెప్పు. యంత్రాలు వచ్చినా ఎవరి పనీ పోదని. నీ గొంతుతో చెబితే నమ్ముతారు.”

“నిజంగా పోదా సార్?”

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. “ఉగాది దాటాక సగం మంది అవసరం ఉండదు. అప్పటి సంగతి అప్పుడు చూద్దాం. ముందు ఆర్డరు వెళ్లాలి.”

“అయితే చెప్పలేను సార్.”

“నీ ఉద్యోగమే అది. చెప్పకపోతే ఇంకెందుకు నువ్వు?”

“ఇవాళ ఈ మాట చెబితే, రేపు షెడ్డుకు మంటలంటుకున్నాయి పరిగెత్తండి అన్నా ఎవరూ లేవరు సార్. నా ఉద్యోగం ఉండీ లేనట్టే.”

ఆయన మధ్యాహ్నం దాకా ఆలోచించుకోమన్నాడు. మైకులో ఆ మాట వినపడకపోతే గేటు దగ్గర లెక్క తేల్చుకుని వెళ్లిపొమ్మన్నాడు. నేను బయటికొచ్చి, ఈ రోజుల్లో ఉద్యోగాలు దొరకవమ్మా, మీ నాన్నను తలుచుకో అన్నాను. ఆయన్నే తలుచుకుంటున్నానండి అంది. నాకు భయం వేసింది. ఆ పిల్ల వెళ్లిపోతుందని భయం, ఉండటానికి ఆ మాట చెప్పేస్తుందేమోనని అంతకంటే ఎక్కువ భయం.

మధ్యాహ్నం నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. మైకు మోగలేదు. ఎండలో కల్లం కరిగి పారుతున్నట్టుంది. ఆ ఎరుపు మధ్య సన్నటి దారి వెంట శ్రీరమ్య నడుస్తోంది. ఎంత నడిచినా షెడ్డు దగ్గరపడనట్టే ఉంది. నేను కలగంటున్నానేమో అనిపించి ల్యాబు వదిలేసి ఆమె వెనకే వెళ్లాను.

షెడ్డులో చేతులన్నీ ఆగిపోయాయి. ఆమె ఎవరి దగ్గరా ఆగలేదు. నడుమకు వచ్చి నేలమీద కూర్చుంది. ఎవరి పక్కనా కాదంటే అందరి పక్కనా అని వాళ్లకు అర్థమైపోయింది.

“యంత్రాలు వస్తున్నాయి. ఉగాది తర్వాత మీలో సగం మందికి ఇక్కడ పని ఉండదు. ఎవరెవరికన్నది ఇంకా తేల్చలేదు. తేలగానే నేను ఉంటే నేనే వచ్చి చెబుతాను.”

ఒకామె ముఖం మీది గుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకుంది. వెంకటరావమ్మ అడిగింది.

“ఇది చెప్పమని వాళ్లు పంపారా, నువ్వొచ్చావా?”

“నేనే వచ్చాను పిన్నీ.”

“అయితే నీ పనీ పోయినట్టేగా.”

“పోవచ్చు.”

అప్పటికే శరత్‌చంద్ర గుమ్మంలో ఉన్నాడు. ముఖం ఎర్రగా ఉంది. ఆడవాళ్లు లేచి వెళ్లిపోతారని, ఆర్డరు మునిగిపోయిందని ఆయన అనుకుంటున్నట్టు చూస్తేనే తెలుస్తోంది. నేనూ అదే అనుకున్నాను. వెంకటరావమ్మ లేవలేదు. చాట ముందుకు లాక్కుని ఒక కాయ తీసింది, తొడిమ తుంచింది.

“బాబూ, ఆర్డరు మేం పూర్తి చేస్తాం. ఉగాదికి మా దారి మేం వెతుక్కోవడానికి ఇప్పుడే తెలిసింది, అది చాలు. ఎవరుండాలి ఎవరెళ్లాలి అని మాట్లాడేనాడు మాత్రం ఈ పిల్ల అక్కడ కూర్చోవాలి. ఇంకెవరు చెప్పినా మేం వినం.”

మిగతా చేతులూ కదిలాయి. ఎండుకాయలు చాటల్లో గలగలమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. శరత్‌చంద్ర ఆ చప్పుడు వింటూ కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత, “రేపు పదింటికి మీటింగు. మీరూ రండి శ్రీరమ్యగారూ” అన్నాడు. ఆమెను ఆయన గారూ అనడం నేను వినడం అదే మొదటిసారి.

మీటింగుల్లో ఏమైందో నాకు పూర్తిగా తెలియదు. యంత్రాలు ఆగలేదు. కొంతమందిని ప్యాకింగుకు మార్చారు, కొంతమందిని కోల్డ్ స్టోరేజీలోకి తీసుకున్నారు. శ్రీరమ్య అడిగి అడిగి ఇంకొందరికి చోటు చేయించింది. అయినా చోటు చాలలేదు. ఒంట్లో ఓపిక తగ్గినవాళ్లు, పెద్ద వయసువాళ్లు మిగిలిపోయారు.

ఉగాదికి ముందు, తేలిన రోజున, ఆమె మళ్లీ ఆ దారిన నడిచింది. ఒక్కొక్కరి పక్కనా కూర్చుంది, ఒక్కొక్కరికీ చెప్పింది. చివరికి ఒక్క వరుస మిగిలింది, అందులో గోడ వారగా వెంకటరావమ్మ. శ్రీరమ్య అక్కడికి వెళ్లలేక మంచినీళ్ల కుండ దగ్గరే ఆగిపోయింది. నేను గుమ్మంలోంచి చూస్తున్నాను. ఆ క్షణంలో ఆ పిల్ల మీద నాకు వచ్చినంత ప్రేమ నా సొంత కూతురు మీద కూడా రాలేదేమో.

వెంకటరావమ్మే పిలిచింది. తను కూర్చున్న గోనెపట్టా మీద కొంచెం జరిగి, పక్కన చేత్తో తుడిచింది.

“రా, కూర్చో. పొద్దుటినుంచీ నీకోసమే చూస్తున్నాను. చెప్పు.”

“నీకు తెలిసిపోయిందిగా పిన్నీ.”

“తెలిసింది. అయినా నీ నోటితో చెప్పు. ఇన్నేళ్ల పని పోతోంది, ఆ మాట ఎవరో ఒకరు నా పక్కన కూర్చుని చెప్పారని ఉండాలి నాకు.”

శ్రీరమ్య కూర్చుంది. ఆవిడ చేతిని, మిరప ఘాటు అంటిన చేతినే, రెండు చేతులతో పట్టుకుని చెప్పింది. ఆవిడ తలాడిస్తూ చివరిదాకా వింది.