జనరల్ ముఖానికి నేను పెట్టిన నవ్వు

కోవిడ్ తగ్గిన మరుసటి ఏడాది. గాజువాకలో నా షెడ్డు. ముప్ఫై ఏళ్లుగా విగ్రహాలు చేస్తున్నాను. ముందు మట్టితో బొమ్మంతా తీర్చి కస్టమర్‌కి చూపిస్తాం. దాన్ని క్లే అప్రూవల్ అంటాం. సరే అన్నాకే ఫైబర్‌లో పోత పోస్తాం.

పోర్టు మీదుగా సరుకు ఎగుమతి చేసే వ్యాపారి ఒకాయన ఓ ఆఫ్రికా దేశాధ్యక్షుడి ఫోటోలు తెచ్చాడు. ఆ అధ్యక్షుడు ఈమధ్యే పోయాడట. కొడుకు అక్కడ మంత్రి. విగ్రహం అతనికి బహుమతి. ఫోటోల్లో జీవితమంతా ఉంది: సైనిక తిరుగుబాటు రోజు రేడియో స్టేషన్ ముందు తుపాకీ పట్టిన కుర్ర మేజర్, ఛాతీ నిండా పతకాలతో జనరల్, చివరికి పొడుగు అంగీ వేసుకుని ఓట్లతో గెలిచిన ప్రెసిడెంట్.

"యూనిఫాం వద్దు బావా. అంగీ వెయ్యి. మొకం నవ్వుతా ఉండాల," అన్నాడు.

చేశాను.

మా మేడ మీద గదిలో అద్దెకుండే గ్రేస్‌ది ఆ దేశమే. ఇక్కడ నర్సింగ్ చదువుతోంది. మూడేళ్లలో మా ఆవిడ దగ్గర మన తెలుగు పట్టేసింది. మంచినీళ్ల క్యాన్ కోసం కిందికొచ్చి, మట్టి ముఖం చూసి ఆగిపోయింది.

"ఏటిది అంకుల్? ఈడి బొమ్మ సేత్తన్నావా?"

"ఆర్డరమ్మా. మీ ప్రెసిడెంటే కదా? అక్కడ రేవు ఊళ్లో నిలబెడతారట."

"మా నాన్నని తినేసినోడు. రేవులో సమ్మె సేసేరని జీపులో ఎక్కించుకుపోనారు. శవం కూడా ఇవ్వనేదు. తర్వాత ఈడే యూనిఫాం ఇప్పేసి ఓటెయ్యమన్నాడు. మా అమ్మ బయపడి ఏసింది. ఇప్పుడు ఊరి మద్దిన ఈడు నవ్వుతా నిలబడితే, మా అమ్మ రోజూ ఆ దారంటే నడవాలి."

"నా పని నన్ను చేసుకోనీ తల్లీ!" అని కసిరాను. క్యాన్ అక్కడే వదిలేసి పైకెళ్లిపోయింది.

ఫోటోలన్నీ పరిచి చూశాను. ఒక్కదాంట్లోనూ నవ్వు లేదు! మరి నేను పెట్టింది ఎక్కడిది? మన కూడళ్లలో నిలబెట్టే నాయకులందరికీ అలవాటుగా అతికించేదే. వాళ్లలో ఎవరు ఎవరి కొంప ముంచారో ఏనాడైనా అడిగానా? ఒళ్లు మండిపోయింది. పెదవులు చెరిపి, ఫోటోలో ఉన్నట్టే బిగించాను. అంగీ తీసేసి, యూనిఫాం తొడిగి పతకాలు పెట్టాను.

వ్యాపారి వచ్చి చిందులు తొక్కాడు. "నవ్వేది?"

"ఒక్క ఫోటోలో నవ్వు చూపించు, పెడతాను."

"నీకెందుకయ్యా నీతులు? బొమ్మలోడివి, బొమ్మ సెయ్యి!"

"చెయ్యను. పో బయటికి!"

వేరే షెడ్డులో వారంలో చేయించుకున్నాడు. నవ్వుతూనే ఓడెక్కింది. గ్రేస్‌కి ఆ సంగతి చెప్పాను. ఉండబట్టలేక, "మీ నాన్న బొమ్మ చేసిస్తానమ్మా, ఫోటో తే," అన్నాను.

"ఫోటో నేదు అంకుల్. ఇల్లు సోదా సేసి అయి కూడా అట్టుకుపోనారు. అప్పటికి నాకు నాలుగేళ్లు. నాన్న మొకం గుర్తు నేదు."

ఏం చెయ్యను? ముఖమే తెలియని మనిషిని ఎలా చెయ్యను?

ఇప్పుడెవరు ఆర్డరు తెచ్చినా, ఈయన వల్ల ఏడ్చినవాళ్లెవరని ముందు అడుగుతున్నాను. కొందరు తిట్టుకుంటూ పోతున్నారు. పోనీ. ఆ పిల్లకి తండ్రి ముఖం కూడా మిగల్చనివాడికి ఈ చేతులతోనే అందంగా ముఖం దిద్దానే, ఆ మంట మాత్రం చల్లారడం లేదు.