లిల్లీకి రక్షక పత్రాలెక్కడ?

పూలక్క సన్నటి ఇనపతీగకు తెల్లగుడ్డ చుట్టి జిగురు రాస్తోంది. మూడు తెల్ల రేకలు ఆరుతున్నాయి. వాటి కింద ఉండాల్సిన మూడు పచ్చవి ముందే కాడకు కుట్టేసింది. ఇరవై ఏళ్లుగా కాలేజీ లాబ్‌కి గుడ్డపూలు చేస్తోంది. మందారమైనా ఉమ్మెత్తైనా అడుగున పచ్చటి రక్షక పత్రాలు, పైన రంగు రేకలు. చెయ్యి దానికే అలవాటు పడిపోయింది.

తీరా లాబ్ మేడమ్ రాసిచ్చిన చీటీ మళ్లీ చదివి, జిగురు పుల్ల పక్కన పెట్టేసింది. ‘లిల్లీ. పరిపత్రాలు ఆరు, మూడేసి చొప్పున రెండు వరసలు.’ రక్షక పత్రాల ఊసే లేదు.

"పరిపత్రమంటే ఏంటత్తా?"

"నన్నడుగుతావేంటే? నేనేమన్నా చదివి చించానా?" అంది అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుంటూ.

పోయిన నెల చేసిన పువ్వు తప్పని తిరిగొచ్చింది. ఈసారీ తప్పితే ప్లాస్టిక్‌వి కొనేసుకుంటామని మేడమ్ మొహమ్మీదే చెప్పింది. నాలుగింటికి ఆవిడే వస్తుంది.

పూలక్క పూలకొట్టుకు పరుగున వెళ్లి ఒక విచ్చిన లిల్లీ, ఒక మొగ్గ తెచ్చింది. పువ్వును తిరగేసింది. అడుగున పచ్చగిన్నె లేదు. ఆరూ తెలుపే. రాలిపోయిందేమోనని మొగ్గను బ్లేడుతో విప్పింది. బయట మూడు సన్నవి, కాస్త పచ్చ ఛాయతో, లోపలి మూడు వెడల్పాటివాటిని కప్పుకుని ఉన్నాయి. మొగ్గలో కాపలా కాసినవే, విచ్చాక తెల్లగా ముస్తాబవుతున్నాయన్నమాట. మరి వీటిని ఏ లెక్కన వెయ్యాలి, రక్షక పత్రాలనా, రేకలనా?

"కాపలావాడే పెళ్లికొడుకైతే ఏమంటారత్తా?"

"మీ మావయ్య అంటారు. మా ఇంటికి కాపలాకొచ్చే కదా నన్ను చేసుకుంది!"

నవ్వొచ్చింది గానీ తికమక తీరలేదు. పచ్చవి ఊడదీసి, సన్నటి తెల్లవి మూడు కత్తిరించి కుట్టింది. లోపల ఆరు కేసరాలు, కొసన పుప్పొడి తిత్తులు ఊగేలా. మధ్యలో కీలాగ్రం మూడు పాయలు. అసలు పువ్వులో అండాశయాన్ని అడ్డంగా కోసింది. అక్కడా మూడు గదులే. అలాగే చేసింది. వేళ్లకంటిన తుప్పురంగు పుప్పొడి గుడ్డకంటకుండా రెండుసార్లు చేతులు కడుక్కుంది.

మేడమ్ వచ్చి, పువ్వు తిరగేసి గోటితో తడిమింది.

"రక్షక పత్రాలేవీ?"

"ఏమో మేడమ్. ఉన్నట్టూ ఉన్నాయి, లేనట్టూ ఉన్నాయి. పువ్వులో ఎలా ఉంటే అలా చేశాను."

"అదేనమ్మా పరిపత్రమంటే! ఈసారి సరిగ్గా చేశావు."

అదేనంటే ఏదో పూలక్కకి ఇంకా అంతుపట్టలేదు. పువ్వును అట్టపెట్టెలో సర్ది, దారం కట్టి, మేడమ్ చేతికిచ్చింది.