మూఢంలో ఇల్లు మారిన వెబ్‌సైట్

మా అత్త పాలగిన్నె ముందు పెట్టుకొని, ముంబై ఏ దిక్కున ఉంటుందని ఫోన్లో నన్ను అడిగింది. ఆమె బోథ్‌లో మా ఇంటి వాకిట్లో, కట్టెల పొయ్యి దగ్గర ఉంది. నేను ఆదిలాబాద్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఉన్నాను. గ్రంథాలయంలో అట్లాసు చాలాసార్లు తిరగేసినదాన్ని కాబట్టి తడుముకోకుండా చెప్పాను.

"నేరుగ పడమర, అత్తా."

"పడమర అంటే గా బాత్రూం దిక్కు గదనే! పాలు బాత్రూం దిక్కు పొంగాల్నా?"

"దాని వెనక ముంబై ఉన్నది."

"ఉంటే ఉండనీ. నడుమల బాత్రూం ఉన్నది గద!"

అది మా వెబ్‌సైట్ గృహప్రవేశం. వెబ్‌సైట్‌కు గృహప్రవేశం ఎందుకొచ్చిందో చెప్పాలంటే నా చదువు గొప్ప కొంత, నా తప్పు కొంత చెప్పుకోవాలి. నిజానికి రెండూ ఒకటే.

మాది పెళ్లి బ్యాండు. మా మామ మాస్టర్. ఆయన చెయ్యి ఎత్తితేనే క్లారినెట్ మొదలవుతుంది, దించితేనే డోలు ఆగుతుంది. బోథ్ చుట్టుపక్కల ఊళ్లతో పాటు మహారాష్ట్ర హద్దు దాటి కూడా వాయించి వస్తారు. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. అక్కడ పనిచేసే మనవాళ్లు చెల్లెళ్ల పెళ్లిళ్లకు అక్కడినుంచే బ్యాండు మాట్లాడుకుంటారని, ఏడేళ్ల క్రితం ఆయనే మాకు వెబ్‌సైట్ పెట్టించాడు. పెట్టింది ఆదిలాబాద్ కంప్యూటర్ సెంటర్ ఆయన. అప్పటినుంచి సగం పిలుపులు దాని మీదనే వస్తున్నాయి.

ఒక సోమవారం ఆ సెంటర్ ఆయన ఫోన్ చేశాడు. దుకాణం మూసి హైదరాబాద్ పోతున్నాడట. నెలాఖరుకు తన సర్వర్ ఆపేస్తాడట. "వెబ్‌సైట్ పేరు గూడ నా మీదనే ఉన్నది అక్కా. నేను పోకముందే మీరు తీసుకోండ్రి" అన్నాడు.

అంటే, నెలాఖరు దాటాక మా పేరు కొడితే ఖాళీ పేజీ వస్తుంది. బోథ్‌లోనే ఇంకో మేళం ఉంది. వాళ్ల మాస్టర్ అప్పటికే కోట్లు కొత్తగా కుట్టించాడు. మంచిరోజులు మొదలైన పొద్దున మస్కట్‌లో ఎవరో మా పేరు వెతికి, మేము దొరక్కపోతే, ఆ ఫోను ఎవరికి పోతుందో ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మామ మాత్రం ఆ సాయంత్రం తన కోటు బయటికి తీసి గుండీలు చూసుకున్నాడు.

నేను పదో తరగతితో ఆగినదాన్ని. కానీ పెళ్లై వచ్చాక జిల్లా గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాను. ఆదిలాబాద్‌లో ఏ పని పడినా ఒక గంట అక్కడ కూర్చోకుండా బస్సెక్కను. వెబ్‌సైట్ల మీద తెలుగులో ఒక లావు పుస్తకం ఉంది, ఇంటికి ఇవ్వరు. ఎప్పుడో అందులో మొదటి ఎనిమిది అధ్యాయాలు నోటుబుక్‌లో ఎక్కించుకున్నాను. తొమ్మిదోది, అంటే చివరిది, తర్వాత చదువుదామని వదిలేశాను.

ఆ రాత్రి బువ్వలయ్యాక బ్యాండు వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి నోటుబుక్ తీశాను. అందరికీ అర్థమయ్యేలా చెప్పాలని పుస్తకంలో లేని పోలిక ఒకటి సొంతంగా తయారు చేసుకున్నాను.

"మన పేరు గడప మీద బోర్డు అసొంటిది. సర్వర్ అంటే కిరాయి ఇల్లు. ఇప్పుడు మనం ఇల్లు మారుతున్నం, బోర్డు అదే ఉంటది. ఇగ ఎడిటర్ అంటే, ఇంట్ల సామాను సదురుకునే తీరు."

అందరూ తలలూపారు. నాకు చాలా సంతోషమైంది. ఒక్క పోలికతో మూడు అధ్యాయాలు చెప్పాననుకున్నాను.

ముందు ఎడిటర్ సంగతి తేలాలి. నేను మూడు రాసుకున్నాను. ఒకటి అంతా చేత్తో రాసేది. ఒకటి ఫారం నింపినట్టు గళ్లలో నింపేది. మూడోది బొమ్మల్ని వేలితో లాగి ఎక్కడంటే అక్కడ పెట్టేది. నా మనసు ఫారం మీద ఉంది. క్లారినెట్ వాయించే ఆయన మాత్రం "వదినే, ఏలితోని లాగేదే మంచిగుంటది, అందరం తలా ఒక చెయ్యి ఏస్తం" అన్నాడు. అందరికీ అదే నచ్చింది. నేను అప్పటికప్పుడు ఫోన్లోనే కొత్త సర్వర్ ఒకటి కిరాయికి తీసుకొని, దాని పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చాను.

తెల్లారేసరికి కొత్త పేజీ గుర్తుపట్టేట్టు లేదు. బ్యాండులో ఎవరు ఎవరి ముందు నడవాలన్నది చిన్న విషయం కాదు, దాని మీద పెళ్లి వాకిట్లోనే మాటామాటా వచ్చిన రోజులున్నాయి. క్లారినెట్ ఆయన తన ఫొటో పైకి లాగి పెద్దది చేశాడు. అది చూసి డోలు ఆయన తన డోలును దాని మీదికి లాగాడు. బాకా వాయించే అన్నదమ్ములిద్దరూ ఒకరి ఫొటో మీద ఇంకొకరు పెట్టుకున్నారు. అందరి తోపులాటలో మామ ఫొటో అన్నిటికంటే కిందికి, ఫోన్ నంబరుకు కూడా కిందికి జారిపోయింది.

మామ ఫోన్లో చూపుడు వేలితో పేజీని పైకి తోస్తూ, తోస్తూ, చివరికి తనను తాను చూసుకున్నాడు.

"నేనేంది బిడ్డా, చెప్పులిడిచే కాడ నిలవడ్డ?"

నేను పాస్‌వర్డ్ మార్చేసి, అంతా చెరిపేశాను. కొత్త పేజీ మళ్లీ ఖాళీ అయింది. ఎవరి ఫొటో ఎక్కడన్నది తేలేదాకా ఒక్క ఫొటో కూడా పెట్టేది లేదన్నాను. అది మంగళవారం పొద్దున. మధ్యాహ్నానికి ఇంకో సంగతి తెలిసింది.

మామ ఏ మంచిపనికైనా మంథనిలో ఉండే ఒక అయ్యగారిని ఫోన్లో అడుగుతాడు. పంచాంగం తెలిసినవాళ్లంటే మంథని వాళ్లేనని ఆయన నమ్మకం. ఇల్లు మారడానికి మంచిరోజు చెప్పమని అడిగాడట, ఎవరి ఇల్లో చెప్పకుండా. రేపు సాయంత్రం నుంచి శుక్రమూఢమని, రెండు నెలల దాకా పెళ్లిళ్లు, ఇల్లు మారడాలు ఏవీ లేవని అయ్యగారు చెప్పారు.

"అయితే ఇయ్యాల్నే మారుద్దాం" అన్నాను.

అత్త వంటింట్లోంచి తొంగి చూసింది. "మంగళారం ఎవలన్న ఇల్లు ఖాళీ చేస్తరానే?"

"అత్తా, గది నిజంగ ఇల్లు కాదు."

మామ నావైపు జాలిగా చూశాడు. "ఇల్లని నువ్వే గద బిడ్డా చెప్పినవ్? కిరాయిల్లు అన్నవ్. బోర్డు అన్నవ్. సామాను గూడ అన్నవ్. ఇప్పుడు కాదంటే ఎట్ల?"

ఆ పోలిక అంత బాగా చెప్పకుండా ఉండాల్సింది.

ఇక మిగిలింది బుధవారం పొద్దున ఒక్కటే. పది దాటాక మంచి గడియ ఉందన్నారు. మామ పెళ్లికి వెళ్లినట్టు కోటు వేసుకొని బయల్దేరాడు. డోలు ఆయన కూడా బస్సెక్కాడు. అత్త పాలు పొంగించడానికి ఇంటి దగ్గర ఆగింది. కొత్త సర్వర్ ముంబైలో ఉంటుందని నేను చెప్పి ఉండకపోతే ఆ దిక్కుల గొడవ కూడా ఉండేది కాదు.

సెంటర్ ఆయన మిషన్ చర్చికి పోయే మనిషి. మామ మూఢం గురించి చెబితే నవ్వాడు. "మాకు గవేం లెవ్వు మాస్టర్. ఆదివారం ఒక్కటి పని బంద్, అంతే. చెప్పుండ్రి, ముందుగాల ఏం చెయ్యాలె?"

ఇక్కడ నేను రెండో తప్పు చేశాను. కాగితాలు సరిగ్గా ఉండాలని ఎనిమిదో అధ్యాయంలో ఉంది కదా, ముందు పేరును మా మామ మీదికి మార్చమన్నాను. ఆయన మార్చాడు. మరుక్షణం తెర మీద ఎర్రటి అక్షరాల్లో ఒక సంగతి వచ్చింది. పేరు యజమాని మారినందుకు, అరవై రోజుల దాకా దాన్ని, పేర్లు అమ్మే ఈ కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి తీసుకుపోవడానికి వీల్లేదని.

నా ముఖం చిన్నబోయింది. మామకు చదివి చెప్పాను. ఆయన ముఖం మాత్రం వెలిగిపోయింది.

"అరవై దినాలా? రెండు నెలలేనా?" అని రెండుసార్లు అడిగాడు. సెంటర్ ఆయన భుజం తట్టాడు. "చూసినవా? మూఢం లేదంటివి. గీ డబ్బకు గూడ తెలుసు!"

సెంటర్ ఆయన నాకు మెల్లగా ధైర్యం చెప్పాడు. పేరు కొన్నాళ్లు అదే కంపెనీ దగ్గర ఉన్నా నష్టం లేదు, దాని తాళాలు మాకిచ్చేస్తాడు. ఆ పేరు ఏ సర్వర్ వైపు చూడాలో మాత్రం ఇప్పుడే తిప్పొచ్చు. కానీ తిప్పితే అక్కడ ఏదో ఒకటి ఉండాలి. మా కొత్త పేజీ చూస్తే గచ్చు లాగా నున్నగా ఉంది.

"ఖాళీ ఇంటికి బోర్డు పెడితే మంచిది కాదు" అన్నాడు మామ. మళ్లీ మంథనికి ఫోన్ కలిపాడు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాడు, కాకపోతే నా పోలికలోనే. మంచి గడియ ఉంది, సామాను ఇంకా కట్టలేదు, సాయంత్రానికి మూఢం వస్తుంది. అయ్యగారు తడుముకోకుండా చెప్పారట: ప్రస్థానం పెట్టండి.

ప్రయాణానికి మంచి సమయం ఉండి మనిషి కదల్లేకపోతే, తనతో తీసుకుపోయే వస్తువు ఒకటి ఆ సమయానికి ముందుగా గడప దాటించి ఇంకొకరి ఇంట్లో పెడతారు. మనిషి తర్వాత పోయినా, బయల్దేరినట్టే లెక్క. మా తల్లిగారింట్లో బట్టల సంచి పెట్టేవాళ్లు. వెబ్‌సైట్ దగ్గరినుంచి ఏం పెట్టాలి?

డోలు ఆయన దగ్గి గొంతు సవరించుకున్నాడు. ఆయన ఎందుకు బస్సెక్కాడో అప్పుడర్థమైంది.

"మాస్టర్, ఏ పెండ్లికన్న ముందుగాల బండి దిగేది డోలే గద."

పదీ ఇరవైకి డోలు ఫొటో ఒకటి కొత్త సర్వర్ మీద పెట్టాను. కింద మామ ఫోన్ నంబరు రాశాను. సెంటర్ ఆయన పేరును అటు తిప్పాడు. ఇంటి దగ్గర అత్త, బాత్రూంకు అడ్డంగా చీర ఆరేసి, పాలు పొంగించింది.

సాయంత్రం మూఢం వచ్చింది. ఇక ఇంకో ఫొటో పెట్టడానికి మామ ఒప్పుకోలేదు. "ప్రస్థానం పెట్టినంక మిగతా సామాను మంచిరోజుకే" అన్నాడు. నెలాఖరుకు పాత సర్వర్ ఆగిపోయింది. అప్పటినుంచి మా పేరు కొడితే ప్రపంచంలో ఎక్కడైనా సరే ఒక డోలు, ఒక ఫోన్ నంబరు కనిపించేవి.

మా ఆయన మస్కట్ నుంచి కంగారుగా ఫోన్ చేశాడు. "ఏమైందే? డోలు తప్ప అందరు ఇడిసిపెట్టి పోయిండ్రా?"

"లేదు, మూఢం."

"బాపుకు ఇయ్యి" అన్నాడు. ఆయన బాపు గంటసేపు చెప్పాడు. చివరికి మా ఆయన కూడా సరేనన్నాడు.

క్లారినెట్ ఆయన రోజూ పొద్దున వచ్చి వాకిట్లో నిలబడేవాడు. "వదినే, డోలు బాగున్నదా? తిన్నదా?" అని అడిగిపోయేవాడు. డోలు ఆయన మాత్రం కొత్త అల్లుడిలా బజార్లో తిరిగాడు. మామ ఇవేవీ పట్టించుకోలేదు గానీ, రోజుకు పదిసార్లు ఫోన్ తెరిచి డోలు ఉందో లేదో చూసుకునేవాడు. ఒకరోజు సిగ్నల్ లేక పేజీ తెరుచుకోలేదు. ఆయన గడ్డపెరుగు గిన్నె అలాగే వదిలేసి, బస్టాండు దాకా నడిచిపోయి, అక్కడ చూసుకొని వచ్చాడు.

నేను ఊరుకోలేదు. పేజీని లోపల్లోపల తయారు చేశాను, బయటికి కనిపించకుండా. తలుపు వేసి సామాను సర్దినట్టు. ఒక మేలు కూడా జరిగింది. రెండు నెలలు డోలును చూసీ చూసీ అందరికీ ఎంత విసుగొచ్చిందంటే, ఎవరి ఫొటో ఎక్కడ పెట్టినా సరే, పెడితే చాలన్నారు. మామను అందరికంటే పైన, చెయ్యి ఎత్తినట్టుగా పెట్టాను. డోలును తీసేద్దామంటే మాత్రం మామే వద్దన్నాడు. ముందు దిగింది అదే కదా.

మూఢం వెళ్లిన పొద్దున మామ స్నానం చేసి, కోటు వేసుకొని, చూపుడు వేలితో 'ప్రచురించు' అని ఉన్న చోట నొక్కాడు. డోలు వెనక మేళమంతా దిగింది. అందరం ఫోను మీదికి వంగి చూస్తుండగానే ఆ ఫోనే మోగింది. మామ ఉలిక్కిపడ్డాడు. మహారాష్ట్ర హద్దు అవతల కిన్వట్ దిక్కు నుంచి ఎవరో పెద్దమనిషి, బిడ్డ పెళ్లికట.

"మీది మూఢం నుంచి చూస్తున్న మాస్టర్. మీ తాన ఫక్త్ డోలేనా, మేళం గూడ ఉన్నదా?"

మామ ఫోను చెవికి ఆనించుకొనే చెయ్యి పైకెత్తాడు. ఏం చెయ్యాలో క్లారినెట్ ఆయనకు అర్థమైంది. అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఊదడం మొదలుపెట్టాడు. అవతలి ఆయన కాసేపు విని, తారీఖు చెప్పాడు. ఆ వారంలో మస్కట్ నుంచి ఇంకో రెండు వచ్చాయి.

తర్వాత ఆదిలాబాద్ పోయినప్పుడు గ్రంథాలయంలో కూర్చొని తొమ్మిదో అధ్యాయం తీశాను. పేరును కొత్త సర్వర్ వైపు తిప్పకముందే అక్కడ కనీసం ఒక్క పేజీ అయినా పెట్టి ఉంచాలని, లేకపోతే నడుమ వచ్చినవాళ్లకు ఖాళీ కనిపిస్తుందని అందులో మొదటి పేరాలోనే ఉంది. యజమాని పేరు మాత్రం అన్నీ అయ్యాక చివరన మార్చుకోవాలని రెండో పేరాలో ఉంది. రెండూ నోటుబుక్‌లోకి ఎక్కించుకొని, ఇంటికొచ్చి, మొదటిది ఒక్కటే మామకు చదివి వినిపించాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. మెచ్చుకోలుగా తలూపాడు.

"గా పుస్తకం రాసినాయనది మంథనేనా, బిడ్డా?"