పేషెంటు తోడెవరంటే, మా అత్తమ్మ

మొన్న బుధవారం పొద్దున నా ఫోన్ మోగింది. పెద్ద దవాఖానాలో పనిచేసే నర్సమ్మ. "మీ అత్తమ్మ ఇంకా రాలేదేంది? ఇక్కడ ఒక ముసలాయన మాట ఎవరికీ సమజైతలేదు" అన్నది. అప్పటికే అత్తమ్మ పానం పోయింది. చాయ తాగి, బస్సుకు పోదామని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ మంచం మీద కూసున్నది. అట్లనే పక్కకు ఒరిగింది. ఎట్లనో ఆ మాట చెప్పిన. అటుపక్క నర్సమ్మ ఫోన్ పెట్టెయ్యడం కూడా మరిచిపోయి ఏడ్చింది.

మాది ములకలపల్లి. మా మామయ్య బతికున్నప్పుడు బీడీల తునికాకు కల్లం దగ్గర పనిచేసిండు. ఎండాకాలం అడవి ఊళ్ల నుంచి కోయ ఆడోళ్లు ఆకు కట్టలు తెచ్చి కల్లంలో పోసేటోళ్లు. వాళ్లకు నీళ్లు పోసుకుంట, వాళ్ల పిల్లలను ఎత్తుకుంట అత్తమ్మ ఆ భాష నేర్చుకున్నది. మామయ్య పోయినంక ఒకసారి మోకాళ్ల నొప్పులకని దవాఖానాకు పోయింది. వార్డులో ఒక కోయ తల్లి మంచం మీద ముడుచుకొని ఉన్నది. డాక్టరు అడిగేది ఆమెకు తెలవదు, ఆమె చెప్పేది డాక్టరుకు తెలవదు. "ఈ పేషెంటు తోడెవరు?" అని సిస్టర్ కేకేసింది. ఎవరూ పలకలేదు. "నేనే" అన్నదట మా అత్తమ్మ. ఆ రోజు తన మోకాళ్లు చూపించుకోకుండనే ఇంటికొచ్చింది.

ఇగ అక్కడి నుంచి బుధవారం, శుక్రవారం ఆమెకు దవాఖానా రోజులు. భుజానికి ఒక గుడ్డ సంచి. అందులో స్టీలు గ్లాసు, చెంచా, దువ్వెన, కొబ్బరినూనె సీసా, పాత నూలు చీర చింపిన మెత్తటి గుడ్డలు. నూనె పెట్టి తల దువ్వుతుంటే ఆడోళ్లు ఎక్కడ నొప్పో వాళ్లంతట వాళ్లే చెప్తరనేది. బస్సులో కిటికీ పక్కన కూసొని కొంగు తలమీదికి లాక్కొని కళ్లు మూసుకునేది. ప్రార్థన అక్కడితో అయిపోయేది. వార్డులో ఎన్నడూ బైబిలు వాక్యం చెప్పలేదు. మా చర్చి సంఘంలో ఒకామె, "అంతమందిని చూస్తవు గదా, ప్రభువు గురించి చెప్పొద్దా?" అని అడిగితే, "అడిగితే చెప్త. అడగకపోతే గంజి తాపుత" అన్నది.

పోయిన వానకాలం, నేను కూడా అత్తమ్మ వెంట పోయిన రోజు, ఒక కోయ పిల్లను తెచ్చిండ్రు. తొలి కాన్పు. బిడ్డ అడ్డం తిరిగింది, సాయంత్రం లోపు ఆపరేషన్ చెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది. ఆ పిల్ల మంచం పట్టీ గట్టిగ పట్టుకొని వద్దంటది. వాళ్లమ్మ కింద కూసొని మూట కట్టుకుంటున్నది, ఇంటికి తీసుకపోతనని. అత్తమ్మ ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకొని చాలాసేపు అడిగింది. చివరికి ఒక్క మాట చెప్పింది ఆ పిల్ల: మా ఊరి పెద్దాయన చెప్పందే కడుపు కోయనియ్యను.

ఆ పెద్దాయన వాళ్ల ఊరి పూజారి. దేవతకు పూజ చేసేది ఆయనే, చెట్ల మందులిచ్చేది ఆయనే. అత్తమ్మ మా ఆయనకు ఫోన్ చేసింది.

"బిడ్డా, బండి తీస్కొని ఆ ఊరికి పో. పెద్దాయనను ఎక్కించుకొని రా."

"అమ్మా, పూజారినా? సంఘంల తెలిస్తే ఏమంటరు?"

"తర్వాత అననియ్. నువ్వైతే జల్దీ పో."

మధ్యాహ్నం దాటినంక ఇద్దరూ వానలో ముద్దయి వచ్చిండ్రు. అత్తమ్మ ఆయనకు తువ్వాల ఇచ్చి, డాక్టరమ్మ ముందు నిలబెట్టింది. ఆయన అడిగింది ఒక్కటే, అత్తమ్మ తెలుగులో చెప్పింది: "పిల్ల బతుకుతదా?" "ఇప్పుడు చేస్తే ఇద్దరూ దక్కుతరు" అన్నది డాక్టరమ్మ. ఆయన పోయి పిల్ల నెత్తిమీద చెయ్యి పెట్టి ఏదో గొణిగిండు. పిల్ల చేతులు మంచం పట్టీని వదిలినయి.

తలుపు మూసినంక బయట బెంచీ మీద ఒక కొసకు ఆయన, ఇంకో కొసకు అత్తమ్మ. తన దేవతను ఆయన, ప్రభువును ఈమె తలుసుకుంటున్నరు. నేను నిలబడి ఇద్దరినీ చూసిన. లోపల పిల్లోడు ఏడ్చేసరికి ఇద్దరూ ఒక్కసారే లేచిండ్రు.

ఆదివారం ఆరాధన అయినంక సంఘ పెద్దలు ఆమెను ఆపిండ్రు. "మంత్రాలేసేటోన్ని పిలిపించి పక్కన కూసోబెట్టుకున్నవంట?" అని ఒకాయన గట్టిగనే అడిగిండు.

"అవ్, పిలిపించిన. ఆ పిల్ల నా మాట ఇనలే, ఆయన మాట ఇన్నది. ఎవరి మాట ఇని బతుకుతదో వాళ్లను పిలిచిన. ప్రభువు అడిగితే గిదే చెప్త."

స్త్రీల సమాజం పెద్దగా అన్నేండ్లు ప్రార్థన నడిపిన మనిషిని ఆ వారమే తీసేసిండ్రు. ఇంటికొచ్చి చెప్పులిప్పుతూ గడపలోనే కూలబడ్డది. నేను పక్కన కూసున్న. "వాళ్లు తీసేసినందుకు కాదు బిడ్డా," అన్నది, "పిల్లోడు ఎట్లున్నడని ఒక్కలు కూడా అడగలే." తర్వాత లేచి మొహం కడుక్కొని, బుధవారానికి గుడ్డలు చింపుకున్నది.

మా పాస్టరు గారు వయసులో చిన్నోడు. ఆ గొడవలో నోరు మెదపలేదు. కానీ ఆ బుధవారం బస్టాండులో అత్తమ్మ కోసం నిలబడి ఉన్నడు. "నాకు భాష రాదమ్మా. ఏం చెయ్యమంటవు?" అంటే, "నీళ్లు మొయ్యి నాయినా, దానికి భాషెందుకు" అన్నది. ఆయన అప్పటి నుంచి వారంవారం పోతనే ఉన్నడు. సమాజం పెద్దరికం మాత్రం ఆమెకు మళ్లీ ఇయ్యలేదు. ఆమె అడగనూ లేదు. వెనక వరుసలో కూసొని అందరికంటే గట్టిగ పాడేది.

నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి భక్తంటే పాటలు, ఉపవాసాలు అనుకునేదాన్ని. ఆమె నాకు ఏదీ కూసోబెట్టి చెప్పలేదు. ఆమె వెనక నడిచిన, అంతే. అంతకంటే పెద్ద ఆస్తి ఏ అత్త ఏ కోడలికి ఇచ్చి పోతదో నాకు తెలవదు.

భూస్థాపన అయినంక చుట్టాలు ఎవరి బస్సుకు వాళ్లు పోయిండ్రు. అప్పుడొచ్చింది ఒక ట్రాక్టరు, నిండా అడవి ఊళ్ల ఆడోళ్లు. వాళ్లలో ఒక్కరి మొహం కూడా నాకు తెలవదు. సమాధి దగ్గర కాసేపు నిలబడి, ఇంటికొచ్చి, అడగకుండనే పొయ్యి ముట్టించిండ్రు. తెచ్చుకున్న చింతచిగురుతో పప్పు వండిండ్రు. మా ఆయన పొద్దటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఒక పెద్దామె పళ్లెంలో అన్నం పెట్టి ఆయన ముందర గొంతుకూసున్నది. ఏదో చెప్తున్నది, నాకు ఒక్క ముక్క సమజుకాలేదు. మా ఆయన తల ఊపుకుంట ఒక ముద్ద తిన్నడు. ఆమె కదల్లేదు. రెండో ముద్ద ఎత్తేదాకా, ఆయన చేతి దిక్కే చూసుకుంట అట్లనే కూసున్నది.