బొడ్డు దగ్గర ఒక్క కోత

నన్ను తూయడానికి మండపేట రైసుమిల్లులో లారీలు తూచే కాటాయే గతయిందని అందరికీ చెబుతుంటాను. అబద్ధం. ఆసుపత్రి మిషనే సరిపోయింది. కాకపోతే ఆ అంకె చూసి డాక్టరమ్మగారు నన్ను దింపి మళ్లీ ఎక్కించారు. అది మాత్రం నిజం.

సుగరు, మోకాళ్లు అలా ఉంచండి. అన్నవరంలో వ్రతం చేయించుకోవాలన్నది మా ఆవిడ ఏనాటిదో మొక్కు. పొట్ట అడ్డమొచ్చి నాకు బాసింపట్టు పడదు. కుర్చీ వేయించుకుంటానంటే ఒప్పుకోలేదు.

"నేను పీట మీద, మీరు కుర్చీలోనా? చూడ్డానికొచ్చిన చుట్టంలా ఉంటారండి."

అందుకే ఆపరేషన్ దాకా వెళ్లాం. జీర్ణకోశంలో చాలా భాగం తీసేస్తామన్నారు డాక్టరమ్మగారు. మామూలుగా నాలుగైదు చిన్న కన్నాలు పెడతారట. బొడ్డు దగ్గర ఒక్క కోతతోనూ చేయొచ్చట, మచ్చ బొడ్డులో కలిసిపోతుందట. ఒక్కటే చాలన్నాను. నొప్పి తక్కువనీ, మర్నాడే పొలం గట్ల మీద నడవొచ్చనీ ఆవిడకే పాఠం చెప్పాను. ఓపిగ్గా విన్నారు. లోపల చేసే పనీ, తగ్గే బరువూ ఎలాగైనా ఒకటేననీ, ఒక్క కోతకున్న పెద్ద లాభం మచ్చ కనపడకపోవడమేననీ అన్నారు. పైగా టైమెక్కువ. నా అంత పొట్టకి తర్వాత అక్కడే హెర్నియా వచ్చే భయమూ ఉందట.

"మీ బొడ్డు ఎవరు చూడాలండి?" అంది మా ఆవిడ.

చెప్పేశాను. వ్రతంలో చొక్కా ఉండదు. నోరు కట్టుకుని, నడిచి తగ్గానని ఊరంతా చెప్పుకోవాలని నా ప్లాను. మచ్చలుంటే కథ నిలవదు.

ఆవిడ నవ్వలేదు. "నా పక్కన మీరుండాలి. ఎన్ని కన్నాలైతే నాకేంటి?"

ఉద్యోగమంతా కాటా దగ్గరే గడిపినవాణ్ణి. ముల్లు ఎటు మొగ్గిందో తెలిసిపోయింది.

కన్నాలు ఐదు. ఆపైన జావతో రోజులు గడిపాను. పనసపొట్టు కూర వాసనకి ఏడ్చాను కూడా.

మొన్న కార్తీకంలో కూర్చున్నాం, పీటల మీద, పక్కపక్కనే. పక్క వరసలో పెద్దాయన నా పొట్ట చూసి అవేంటండీ అని అడిగాడు. ఎద్దు పొడిచిందన్నాను.

"ఐదుసార్లా అండీ?"

మా ఆవిడ తల వంచుకుంది గానీ భుజాలు కదులుతున్నాయి. ఇక ఆపరేషనని ఒప్పుకోక తప్పలేదు. ఆయన తన పొట్ట నిమురుకుని, ఏ డాక్టరండీ అన్నాడు.

ఒకప్పుడు నా ప్రసాదం తిని ఆవిడదీ తినేవాణ్ణి. ఇప్పుడు రెండు ముద్దలకే నిండిపోయి, మిగతాది ఆవిడ ఆకులో పెట్టాను. ఇన్నేళ్లకి నా వాటా దక్కిందండి అంది.

తర్వాత ఎవరి సాయమూ లేకుండా పీట మీంచి లేచాను. కాదులెండి, ఆవిడ చెయ్యి పట్టుకునే లేచాను.