ట్యాంకుకు చొక్కా

మన దేశపు యుద్ధ ట్యాంకులకు బట్టలు కుట్టింది నేనే. నేను మిషను తొక్కకపోతే అవన్నీ సరిహద్దులో వానకు తడిసి, తుప్పు పట్టి కూర్చునేవి. ఒకసారి ఢిల్లీ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చి, నా చేతిని తన రెండు చేతులతో పట్టుకుని, "ఈ చేయి దేశానికి కావాలి" అన్నాడు.

ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగేవాళ్లకు ఇలాగే చెబుతాను. కాగితం మీద మాత్రం అంత ధైర్యం చాలడం లేదు, కొంచెం తగ్గించుకుంటాను. ట్యాంకును నేను కంటితో చూడలేదు. నంద్యాల శివార్లలో, బియ్యం మిల్లులు దాటాక, మిలిటరీకి టార్పాలిన్లు కుట్టి పంపే ఒక కంపెనీ ఉంది. అక్కడ గుడ్డ అంచులు మడిచి కుట్టి, తాడు దూర్చడానికి ఇత్తడి రింగులు కొట్టేవాడిని. ఢిల్లీ ఆఫీసరు రానేలేదు. నా చేయి పట్టుకున్నది కాంపౌండరు, రింగు మీద పడాల్సిన సుత్తి వేలి మీద పడిన రోజున.

అసలు ఆ గేటు దాటడమే నాకు గొప్ప. నేను జైలుకు వెళ్లి వచ్చినవాడిని. ఆళ్లగడ్డ, జైలు అన్న రెండు మాటలు పక్కపక్కన పెడితే చాలు, జనం కళ్లముందు బాంబులూ జీపులూ తిరుగుతాయి. ఆ గౌరవాన్ని నేనూ చాలాకాలం కాదనలేదు. జరిగింది కాలువ నీళ్ల వంతు దగ్గర గొడవ. పార కర్రతో కొడితే పక్క పొలం ఆయన చేయి విరిగింది. కడప జైల్లో పడ్డాను. కుట్టుమిషను అక్కడే నేర్చుకున్నాను. ఆయన చేయి అతుక్కుంది, నా పేరే అతుక్కోలేదు.

బయటికి వచ్చాక కుట్టుపని ఎవరూ ఇవ్వలేదు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే షెడ్లలో రాళ్లు మోశాను, బేతంచెర్లలో బండలు లారీలకెక్కించాను. నడుము పోయింది. అరవైకి దగ్గరపడుతున్న నేను ఇంట్లో కూర్చుంటే, మోకాళ్ల నొప్పులతోనే మా ఆవిడ మిరపకాయల కోతకు పోయేది. నంద్యాల జిల్లా అయిన కొత్తలో ఈ కంపెనీలో కుట్టేవాళ్లు కావాలన్నారు. నా కుట్టు చూశారు, రమ్మన్నారు. పోలీసు విచారణ ఉంటుందనీ, అది బాగుంటేనే పాసు ఇస్తామనీ, అంతవరకు చీటీ మీద పనిలోకి రావచ్చనీ చెప్పారు. కేసు సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు. అది తెలిసేలోపల నా పనితనానికి మురిసిపోతారులే అనుకున్నాను.

ఇక్కడి నుంచి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి రోజు పొద్దున సూపర్‌వైజరు ఈల ఊదాడు. ఆయన మిలిటరీలో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి. హాజరుకని అందరూ వరుసలో నిటారుగా నిలబడ్డారు. నేనొక్కడినే గబుక్కున గొంతుక్కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టి తల వంచాను. జైల్లో లెక్కపెట్టేటప్పుడు అలాగే కూర్చోవాలి. ఈల వినగానే మోకాళ్లు నన్నడక్కుండానే వంగిపోయాయి.

"ఏమప్పా పెద్దాయనా, అప్పుడే బువ్వకు కూచుంటివే!" అన్నాడు పక్కవాడు. వరుసంతా నవ్వింది.

సుబేదారు నవ్వలేదు. దగ్గరికొచ్చి, "ఇట్ల కూచునేది యాడ నేర్చినావప్పా?" అన్నాడు.

నేను మరిచిపోయిన అన్నం క్యారియరు ఇవ్వడానికి ఆళ్లగడ్డ నుంచి తర్వాతి బస్సులో వచ్చిన మా ఆవిడ, గేటు దగ్గర నిలబడి చూస్తోంది. ఆమె ముందు చిన్నబోవడం ఇష్టం లేదు. లేచి, రొమ్ము విరిచి చెప్పాను: "కడప జైల్లో, సార్. మనిషిని కొట్టినా, శిక్ష పడింది, తీర్చుకొనొచ్చినా. ఉంచుకుంటే ఉంచుకో, లేకుంటే పోతా."

సుబేదారు మీసం నిమిరాడు. "మిలిటరీ దిగి ఇన్నేండ్లాయె, ఇంట్లో కుక్కరు ఈలేస్తే ఇప్పటికీ లేచి నిలబడతా. మా ఇంటామె నగుతాది. నీకు కూచునే రోగం, నాకు లేచే రోగం. పోయి మిషను ముందర కూచో. యజమానికి నేను చెప్తా."

చెప్పాడు కూడా. పోలీసాయన ఆళ్లగడ్డకు వచ్చి, నా చేతిలో దెబ్బ తిన్న ఆయననే అడిగాడట. "మంచోడే సార్, నీళ్లకాడ తప్ప" అన్నాడట ఆయన. అంతకు మించిన సాక్ష్యం నాకెవరిస్తారు? పాసు వచ్చింది. బయటి షెడ్డు వరకే పోనిచ్చే ఎర్రరంగు పాసు. ఎరుపు పెద్ద అధికారులకే ఇస్తారని బస్టాండులో చెప్పుకున్నాననుకోండి. మా ఆవిడ మిరపకోత మానేసింది. ఆ మొదటి రోజు ఆమె చేతిలోంచి క్యారియరు అందుకుని తిన్న జొన్నరొట్టె రుచి ఇప్పటికీ నాలుక మీదుంది.

ఇంతవరకు రాసి, శెనక్కాయలు వలుస్తున్న ఆమెకు చదివి వినిపించాను. చేతిలోని శెనక్కాయ బుడ్డను పటుక్కున చిట్లించి, నా వైపు చూడకుండానే అంది:

"ఏందీ, రొమ్ము విరిచినావా? నువ్వు లేస్తే కదయ్యా! జైలని గేటుకాన్నుంచి అరిచి చెప్పింది నేను. తల ఎత్తకుండా నువ్వు చెప్పింది ఏందో యాదుందా? 'యోగా, సార్' అంటివి."